ఎనిమిదిమంది శ్రోతలు కావలెను

ఎండాకాలం వస్తే దోహాలో రెండు రకాల తెలుగువాళ్ళే మిగులుతారు. సెలవు దొరకనివాళ్ళు, సెలవు దొరికినా టికెట్టు దొరకనివాళ్ళు. మూడో రకం కూడా ఒకటుందని ఆ ఏడు మా ఇంట్లోనే తెలిసింది. టికెట్టు చేతిలో పెట్టినా "నేను రాను, నాకు క్లాసుంది" అనే రకం. ఆ రకంలో ఊరు మొత్తానికి ఒక్కతే మనిషి. మా ఆవిడ శకుంతల.

అవి గ్యాసు బూమ్ రోజులు. బూమ్ అంటే మరేం లేదు, ఎవరి కాళ్ళూ భూమ్మీద ఆనని కాలం. ఖతర్‌లో ఎక్కడ చూసినా కతార్లే, అంటే బారులే. క్రేన్ల కతార్లు, టిప్పర్ల కతార్లు, సంతకాల కోసం ఫైళ్ళ కతార్లు. నేను ఉత్తరాన అల్ రువైస్‌లో జెట్టీ పొడిగించే పనిలో ప్లానింగ్ ఇంజనీర్ని. ఆదివారం నుంచి గురువారం దాకా సైటు క్యాంపులోనే మకాం, జెట్టీతో కుస్తీ. గురువారం సాయంత్రం కంపెనీ పికప్‌లో అల్ ముంతజాలోని మా ఫ్లాటుకి వచ్చి శకుంతలతో కుస్తీ. జెట్టీ మీదే నేను కాస్త ఎక్కువసార్లు గెలిచేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఈవిడ ఊళ్ళోని ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరింది. కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక డ్రాయింగు బల్ల వదిలి చపాతీల బల్ల పట్టుకున్న మనిషి. ఇక్కడ రెండేళ్ళు చదివితే ఆ క్రెడిట్లు పట్టుకుని యూనివర్సిటీలో తిన్నగా మూడో ఏడాదిలోకి ట్రాన్స్‌ఫర్ అవ్వచ్చట. నాకు ఈ వ్యవహారం మొదటినుంచీ అయోమయమే. క్రెడిట్ అంటే బ్యాంకువాళ్ళ కార్డు తెలుసు, ఒకడు చేసిన పనికి ఇంకొకడు కొట్టేసేది తెలుసు. మా నాన్నగారు ఇరిగేషన్ డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్ళూ ట్రాన్స్‌ఫర్ అన్న మాట వినపడితే ఇంటిల్లిపాదీ ఏడ్చేవాళ్ళం. దానికోసం ఎదురుచూసే మనిషిని నేను చూడ్డం అదే మొదలు.

మా అమ్మాయి వేసవి సెలవులకి సామర్లకోట వెళ్ళింది. వాళ్ళమ్మ కాలేజీ, వంటిల్లు ఖాళీ. ఈ మాట నేను తెలుగు సంఘం మీటింగులో అంటే హాలంతా నవ్వింది. శకుంతల నవ్వలేదు. ఆ జోకు అప్పటికే ఇంట్లో చాలాసార్లు వడ్డించి ఉన్నాను.

జూన్‌లో ఒక గురువారం, బెండకాయ వేపుడు ముందు కూర్చున్నాం.

"ఏవండీ, నాకింక ఒక్క కోర్సే మిగిలింది."

"ఏది? వంతెనలా, నేలలా, నీళ్ళా?"

"స్పీచ్."

ముద్ద నోటి దగ్గర ఆగింది. "ఏంటీ?"

"స్పీచండీ. జనం ముందు నిలబడి మాట్లాడ్డం."

"ఇంజనీరింగుకి మాట్లాడ్డం దేనికి? కట్టేముందు వంతెనకి నచ్చజెప్పాలా?"

"నన్నడుగుతారేం, యూనివర్సిటీ వాళ్ళ రూలు. లెక్కలయ్యాయి, ఫిజిక్సయింది, కెమిస్ట్రీ అయింది, స్టాటిక్సయింది."

"స్టాటిక్స్ అంటే కదలని వస్తువుల శాస్త్రం కదూ? అందులో నీకు మంచి మార్కులొచ్చినట్టు గుర్తు."

"మరి శుక్రవారమల్లా మీరు సోఫాలో ఉంటారుగా, ఇంట్లోనే ప్రాక్టికల్సు," అంది, వేపుడు ఇంకాస్త వేస్తూ. "ఈ ఎండాకాలంలో ఇది పాసైతే సెప్టెంబరులో సీటు. లేకపోతే లేదు."

"లేకపోతే వచ్చే ఏడు."

"వచ్చే ఏడు మనం ఎక్కడుంటామో మీకు తెలుసా?"

తెలీదు. జెట్టీ పని చలికాలానికల్లా అయిపోతుంది. ఆ తర్వాత కంపెనీ నన్ను మస్కట్‌కి విసురుతుందో, ఏకంగా మండపేటకే విసురుతుందో నాకే కాదు, విసిరేవాళ్ళకి కూడా తెలీదు. ఆవిడ చదువు ఈ దేశంలోది, ఈ ఊళ్ళోది. ఇక్కణ్ణుంచి కదిలితే ఆ క్రెడిట్లు ఎక్కడా చెల్లవు. సీటంటూ వస్తే యూనివర్సిటీ వీసా మీద ఉండిపోవచ్చు, రాకపోతే వచ్చే ఏడు అనేది లేదు. ఇద్దరికీ తెలిసిన సంగతే కాబట్టి ఇద్దరం కాసేపు బెండకాయల మీద దృష్టి పెట్టాం.

తర్వాత ఆవిడ షరతులు చెప్పింది. వేసవి క్లాసు కాబట్టి టీచరమ్మ ఎదురుగా ఉండదు, ఉపన్యాసం వీడియో తీసి పంపాలి. ఇంగ్లీషులో మాట్లాడాలి. ఎనిమిది నిమిషాలు మించకూడదు. ఎదురుగా ఎనిమిదిమంది పెద్దవాళ్ళు కూర్చుని వింటూ కెమెరాలో కనపడాలి. మధ్యలో కత్తిరింపులు కుదరవు.

నా గుండె పొంగిపోయింది. తొమ్మిదేళ్ళుగా దోహాలో ఏ తెలుగు సభ జరిగినా మైకు నా చేతిలోనే ఉంటుంది. మైకు నాకు మైకం. ఉగాది కవిసమ్మేళనమైనా, వనభోజనాలైనా, ఎవరిదో వీడ్కోలు విందైనా, నేను లేచి నాలుగు శ్లేషలు విసిరితే తప్ప జనం చేతులు కడుక్కోరు. ఇంట్లో ఇంత నిధి పెట్టుకుని మా ఆవిడ స్పీచ్ గురించి దిగులు పడడమా!

"శకుంతలా, ఇక నువ్వు నిశ్చింతగా ఉండు. అంతా నేను చూసుకుంటాను."

"మీరేం చూసుకోనక్కర్లేదు. మీ జెట్టీ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. మీ ఆఫీసు గోడమీద పెద్ద డ్రాయింగు ఉంటుందన్నారే, అది ఎవరెవరు చూస్తారు?"

"నా వీపు చూస్తుంది. దాని ముందే నా కుర్చీ."

"పోశన్నా వాళ్ళూ?"

పోశన్న మా సైటులో కాంక్రీటు ముఠాకి పెద్ద. జగిత్యాల వైపు మనిషి. "వాళ్ళకెందుకు? ఏ రోజు ముక్క ఆ రోజు ఫోర్‌మన్ గీసిస్తాడు."

"ఊఁ," అంది. మా ఆవిడ ఊఁ అంటే విన్నాననీ కావచ్చు, ఇక వినక్కర్లేదనీ కావచ్చు. నేనెప్పుడూ విచారించలేదు.

శుక్రవారం తిరిగి శుక్రవారానికి మా హాల్లో సభ సిద్ధమైంది. సంఘం అధ్యక్షులు కామేశ్వరరావు గారికి ఆ ఏడు సెలవు రద్దయింది కాబట్టి సభాధ్యక్షత ఆయనకే. మా బిల్డింగులో భార్యాపిల్లల్ని ఊరికి పంపేసి గుడ్లు ఉడకబెట్టుకుంటున్న మగాళ్ళందర్నీ పులిహోర ఆశ చూపించి పోగేశాను. అయినా ఒకరు తగ్గారు. కింద కాపలా ఉండే ఇక్బాల్‌ని పట్టుకొచ్చి వెనక కుర్చీలో కూర్చోబెట్టాను. కెమెరా పట్టుకోవడానికి శకుంతల క్లాసుమేటు ఖదీజా వచ్చింది. దోహాలోనే పుట్టిన హైదరాబాదీ పిల్ల, మా ఆవిణ్ణి ఆంటీ అంటుంది, లెక్కలు రానప్పుడు మాత్రం టీచర్ అంటుంది.

ఖదీజా వేలితో సైగ చేసింది. కెమెరా తిరగడం మొదలైంది. నేనూ మొదలయ్యాను.

ముందు ఇంగ్లీషులో సభకు నమస్కారం. ఆ తర్వాత కామేశ్వరరావు గారిని వేదిక మీదికి, అంటే సోఫాలోకి, ఆహ్వానించడం. ఆయన సోఫాలోనే ఉన్నారు కాబట్టి లేచి మళ్ళీ కూర్చున్నారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి వత్తి రెండుసార్లు ఆరిపోయింది.

"అంకుల్, టైమ్ జా రహా హై," అని ఖదీజా కెమెరా వెనకనుంచి గొణిగింది.

"దీపం పెట్టకుండా సభ ఎలా అవుతుందమ్మా?" అన్నాను. అదీ రికార్డయింది.

కామేశ్వరరావు గారు అధ్యక్షుల వారి తొలి పలుకులు పలికారు. ఆయన తొలి పలుకులకి తుది ఉండదని ఊరందరికీ తెలుసు. మధ్యలో ఆయన కాస్త నీళ్ళు తాగితే ఆ సందులో నేను దూరి వక్త పరిచయం చేశాను. "కాకినాడ కాజా అంత తీయనిది, కాలిక్యులస్ అంత కఠినమైనది" అని తెలుగులో ఒక్క ముక్క అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్బాల్ కూడా కొట్టాడు, ఎందుకో తెలియకుండానే.

అప్పుడు శకుంతల లేచింది. చేతిలో నేను రాసిచ్చిన కాగితం. గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, వేదికనలంకరించిన పెద్దలకు, ఈ సభకు రూపశిల్పి అయిన మా శ్రీవారికి, తరలివచ్చిన రసజ్ఞులకు... అన్నీ ఇంగ్లీషులో, ఒక్కొక్కరికీ ఒక్కొక్క విశేషణం. ఆవిడ చదువుతోంది. ఒక్కొక్క పేరు దగ్గరా ఆ పేరుగల పెద్దమనిషి లేచి దండం పెడుతున్నాడు. చివరికి కాగితం మడిచి, ఊపిరి పీల్చుకుని, "మై టాపిక్ ఈజ్..." అంది.

ఖదీజా ఫోన్లో గంట మోగింది.

"ఎనిమిది నిమిషాలు అయిపోయాయి ఆంటీ," అంది ఆ పిల్ల, ఏదో తనే తప్పు చేసినట్టు.

"ఫరవాలేదు, సభ రక్తి కట్టింది," అన్నారు కామేశ్వరరావు గారు. "పులిహోరెక్కడ?"

వారం తిరక్కుండా టీచరమ్మ జవాబు వచ్చింది. శకుంతల కంప్యూటర్ ముందు కూర్చుని చదివి, నన్ను పిలిచి, కుర్చీ పక్కకి జరిపి చూపించింది. వీడియో చాలా సందడిగా ఉందిట. దీపం బాగుందిట. ఒకే ఒక్క సందేహంట. 'ఇందులో వక్త ఎవరు?'

కింద ఇంకో వాక్యం. ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను, ఈ నెలాఖరులోగా పంపండి, ఇదే ఆఖరు.

"అదేం ప్రశ్న?" అన్నాను. "అంత చక్కగా పరిచయం చేశానే! కాజా ఉపమానం ఆవిడకి అర్థమై ఉండదు."

శకుంతల గొడవ పెట్టుకోలేదు. గొడవపడి ఉంటే నాకు సుఖంగా ఉండేది, నాకు తెలిసిన రంగం. ఆవిడ కంప్యూటర్ కట్టేసి, కూర తరుక్కుంటూ మామూలుగా అంది. "ఈసారి మీరు రావద్దు."

"సరే, మాట్లాడను. శ్రోతగా కూర్చుంటాను."

"శ్రోతగా అసలే వద్దు."

"అదేంటి, వినడానికి కూడా పనికిరానా?"

"వినడానికే పనికిరారు," అంది. కోపం లేదు. వంకాయ పుచ్చిందో లేదో చూసి చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట నాకు వారమంతా అంతు చిక్కలేదు. సైటులో కాంక్రీటు లారీలు లెక్కేస్తుంటే గుర్తొస్తుంది. వినడానికి పనికిరాకపోవడమేమిటి? చెవులున్నాయి, రెండూ పనిచేస్తున్నాయి, ఏటేటా కంపెనీ మెడికల్‌లో పాసవుతున్నాయి. మెస్సులో అన్నం తింటూ కామేశ్వరరావు గారికి ఫోన్ చేసి అడిగితే, "ఆడవాళ్ళ మాటలు పట్టించుకోకు. రేపు రాజమండ్రి పోతున్నా, సెలవు మళ్ళీ ఇచ్చారు," అని పెట్టేశారు. ఇక్బాల్‌ని మళ్ళీ శ్రోతగా వస్తావా అని అడిగితే, "సాబ్, ఫిర్ సే? మేరా డ్యూటీ హై," అని గేటు దగ్గర లేని పని కల్పించుకున్నాడు. గుడ్లు ఉడకబెట్టుకునే మగాళ్ళు కూడా ఒక్కొక్కరే టికెట్లు దొరికి ఎగిరిపోయారు. ఊళ్ళో ఎనిమిదిమంది కాదు, ఎనిమిది పావురాలు కూడా కరువైనట్టుంది.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాను తర్వాతి గురువారం. నిజం చెప్పొద్దూ, కాస్త ఆశగానే అన్నాను.

"మనుషులు కుదిరారు. మీ సైటు ఆఫీసు తాళం కావాలి. శుక్రవారం మధ్యాహ్నం ఒక్క గంట."

"ఎవరు కుదిరారు?"

"రాజేశం కుదిర్చాడు. పోశన్న, మల్లన్న, గంగన్న, ఇంకా వాళ్ళ గదిలోవాళ్ళు."

రాజేశం మా కంపెనీ పికప్ డ్రైవరు. మొదట్లో పోశన్న ముఠాలోనే కాంక్రీటు మోసి, తర్వాత లైసెన్సు సంపాదించి స్టీరింగు పట్టుకున్నాడు. "మన రాజేశమా? నీకూ అతనికీ మాటలెప్పుడు?"

"కంపెనీ కాగితాల పని మీద రోజూ దోహా వస్తాడుగా. నన్ను కాలేజీ దగ్గర దింపేది అతనే. రెండేళ్ళనుంచి." ఆవిడ నా మొహంలోకి చూసింది. "దారిలో మాట్లాడుకుంటాం. ట్రాఫిక్కు ఎక్కువ కదా."

"ఏం మాట్లాడుకుంటారు?"

"ఆ రోజు పాఠం చెప్తాను. తిరిగి చెప్తే నాకు గట్టిపడుతుంది. అతనేమో సైటు సంగతులు చెప్తాడు."

రెండేళ్ళు! ఆ రెండేళ్ళూ గురువారం గురువారం అదే బండిలో ముందు సీట్లో కూర్చుని, రువైస్ నుంచి ముంతజా దాకా రాజేశానికి నేను జోకులు చెప్పాను. ఒక్కనాడూ వాడు "అక్క నిన్న స్టాటిక్స్ జెప్పింది" అనలేదు. నేను సందివ్వలేదేమో. సందు సంగతి అప్పటికి తోచలేదు, వాడు గడుసువాడనే అనుకున్నాను.

శుక్రవారం రువైస్ బయల్దేరాం. శకుంతలా ఖదీజా వెనక, నేను ముందు. ఎండకి రోడ్డు నీళ్ళు తిరుగుతోంది. దారి పొడుగునా ఆవిడ పెదాలు కదుపుతూ ఏదో చెప్పుకుంటోంది. ఖదీజా వింటూ, "ఆంటీ, ఇక్కడ థోడా ఆపండి, ఊపిరి తీసుకోండి," అంటోంది. నేను ఒక సలహా ఇవ్వబోయాను. రాజేశం ఏసీ ఇంకాస్త పెంచాడు. ఆ చప్పుడులో నా సలహా నాకే వినపడలేదు.

రేకుల పెట్టెలాంటి పోర్టా క్యాబిన్ ఆఫీసు ముందు అందరూ అప్పటికే వచ్చి ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు. హెల్మెట్లు లేకుండా వాళ్ళని నేను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

"సార్, మీటింగుకు ఓవర్‌టైమ్ రాస్తరా?" అన్నాడు పోశన్న.

"ఓవర్ లేదు, టైమ్ లేదు, లోపలికి నడవండి," అన్నాను.

"మేడమ్, ఇంగ్లీషు మాకు రాదు గద? ఊకె కూసుంటే నడుస్తదా?" అన్నాడు మల్లన్న.

"నాకూ అంతంతే మల్లన్నా," అంది శకుంతల. "మధ్యలో నేనేదైనా అడిగితే రాజేశం తెలుగులో చెప్తాడు. నిద్రొస్తే మాత్రం కళ్ళు తెరుచుకుని నిద్రపోండి. కెమెరా ఉంది."

అందరూ గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. అది నా తరహా జోకు, నా అనుమతి లేకుండా వాడింది.

వాళ్ళు లోపలికి వెళ్ళారు. చివర్న శకుంతల తలుపు దగ్గర ఆగి, నన్ను చూసి, "నీళ్ళ సీసా తీసుకోండి, ఎండగా ఉంది," అని తలుపేసింది.

నా ఆఫీసు. నా తాళం. నేను బయట.

మెస్సులో వెళ్ళి కూర్చోవచ్చు. కూర్చోలేకపోయాను. చుట్టూ తిరిగి కిటికీ దగ్గరకి వెళ్ళాను. ఆ కిటికీలోనే ఏసీ బిగించి ఉంది. దాని ముందువైపు శీతాకాలం, వెనకవైపు నేను. వేడి గాలి తిన్నగా నా బొజ్జకి కొడుతోంది. పైన జానెడు అద్దం ఖాళీగా ఉంది, అందులోంచి చూడొచ్చు. వినడానికి మాత్రం వీల్లేదు, ఆ మిషను చప్పుడు అలాంటిది. తొమ్మిదేళ్ళుగా ఊరందరికీ వినిపించినవాణ్ణి, మా ఆవిడ మాట్లాడుతుంటే మూగ సినిమా చూస్తున్నాను.

దీపం లేదు. పరిచయం లేదు. దండాలు లేవు. నిలబడింది, మొదలుపెట్టింది. ఏదో అడిగినట్టుంది. అడిగి, తన చెయ్యి తనే పైకెత్తింది, ఇలా ఎత్తండి అన్నట్టు. రాజేశం వెనక్కి తిరిగి అందరికీ ఏదో చెప్పాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు జాలేసింది. ప్రశ్న విఫలమైతే ఎలా సర్దుకోవాలో నాకు తెలుసు, ఒక శ్లేష పడేస్తే చాలు. అద్దం మీద తట్టబోయి ఆగాను.

అప్పుడు ఆవిడ గోడ దగ్గరకి వెళ్ళింది. నా కుర్చీని రెండు చేతులతో పట్టుకుని పక్కకి ఈడ్చేసింది. వెనకున్న డ్రాయింగు మొత్తం కనపడింది. ఒడ్డునుంచి సముద్రంలోకి జెట్టీ అంతా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. ఆవిడ వేలు పెట్టి ఏదో చెప్పింది. వెనక్కి తిరిగి వాళ్ళని చూసింది.

ముందు గంగన్న లేచాడు. తర్వాత మల్లన్న. తర్వాత అందరూ.

నాకు మతిపోయింది. నా అనుభవంలో ఉపన్యాసం మధ్యలో జనం లేచారంటే ఒకటే అర్థం, భోజనాలు పెట్టేశారని. కానీ లోపల వంట లేదు! ఎక్కడికి లేచారు? గోడ చుట్టూ మూగారు. పోశన్న మెడ చాచి చూస్తున్నాడు. మల్లన్న వేలు పెట్టి ఒకచోట పొడుస్తున్నాడు, గంగన్న ఆ వేలు తీసేసి ఇంకోచోట పెడుతున్నాడు. కొట్టుకుంటారేమో అనిపించింది. శకుంతల వాళ్ళ మధ్యలో నిలబడి, అటు కెమెరాకీ ఇటు వాళ్ళకీ తిరుగుతూ మాట్లాడుతూనే ఉంది. ఖదీజా ఒక స్టూలెక్కి తీస్తోంది. నా ఎనిమిది నిమిషాల లెక్క ఎప్పుడో తప్పింది. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. సీసాలో నీళ్ళు టీ పెట్టుకోవడానికి సరిపోయేంత కాగాయి.

తలుపు తెరుచుకుంది. వాళ్ళు మాట్లాడుకుంటూ బయటికొచ్చారు. నన్ను ఎవరూ చూడలేదు.

"పోశన్నా, ఏం చెప్పింది మేడమ్?"

"ఇంగ్లీషుల జెప్పింది సార్."

"అదే, ఏం చెప్పింది?"

"మంచిగ జెప్పింది." అంతలోనే మల్లన్న వైపు తిరిగాడు. "నేను జెప్పలేదార? గా మూల నాదే. నువ్వు పోసింది ఇవతలి దిమ్మె."

"నీదేంది? గప్పుడు నువ్వు జరంతో పండినవ్ క్యాంపుల. యల్లా, మల్ల లోపలికి పోయి సూద్దాం పా."

"అక్కా, మల్ల సూడొచ్చా?" అన్నాడు గంగన్న. అడిగింది నన్ను కాదు.

తిరుగు ప్రయాణంలో శకుంతలా ఖదీజా వెనక సీట్లో ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. అల్ రువైస్ దాటాక గొంతు తగ్గించి అడిగాను. "రాజేశం, చెయ్యెత్తమని ఏం అడిగింది?"

రాజేశం అద్దంలో వెనక్కి చూసి, తనూ గొంతు తగ్గించాడు. "మీరు గడుతున్నది మొత్తం ఎట్లుంటదో ఎన్నడన్న సూసిండ్రా, సూసినోళ్ళు చెయ్యెత్తుండ్రి, అన్నది సార్. ఎవ్వలు సూసిండ్రు? మాకు ఏ పొద్దుది ఆ పొద్దే. ఇంటికి ఫోన్ జేస్తే మా అవ్వ అడుగుతది, దుబాయిల ఏం గడుతున్నవ్ బిడ్డా అని. ఏం జెప్పాలె? దిమ్మెలు పోస్తున్న అంట. ఇయ్యాల సూసిన గద, జెప్త."

"అయితే ఇందులో స్పీచ్ ఏముంది? అందరూ లేచి తిరుగుతుంటే!"

"గదే సార్ స్పీచు," అన్నాడు. "కట్టెటోనికి బొమ్మ సూపెట్టి కట్టియ్యాలె అని. గది ఆమె వాదన. నడిమిట్ల జెప్పింది."

నేను ఆ వాదనకి రెండు అభ్యంతరాలు తయారుచేసుకున్నాను. మొదటిది భద్రత, రెండోది తీరిక. రెంటినీ కలిపి ఒక శ్లేష కూడా కుదిరింది. కానీ వెనక్కి తిరిగితే ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఏళ్ళనాటి దుమ్ము దులిపిన డ్రాయింగు బల్లలా ఉంది మొహం. ఈ పోలిక బాగుందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎండకి పని ఆపే వేళ, నా ఆఫీసు గడప ముందు బూట్లు వరసగా విప్పి ఉన్నాయి. లోపల నలుగురు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి జంకారు.

"సార్, జర గా కుర్సీ..." అన్నాడు పోశన్న.

మర్నాడు ఇంకో నలుగురు. రోజూ కుర్చీ జరపడం, పెట్టడం. వారం చూసి, కుర్చీని కిటికీ వైపుకి మార్చేశాను. గాలి తగలక ఉక్కపోస్తోందని ఆఫీసులో చెప్పాను. ఇప్పుడు ఆ డ్రాయింగు నాకు ఎదురుగా ఉంది. అంత కాలం దాని ముందే కూర్చున్నాను గానీ, జెట్టీ చివర కాస్త ఎడమకి వంగుతుందని అప్పుడే గమనించాను. అది కాగితం ముడతా, నిజంగానే వంపా అని తేల్చుకోవడానికి లేచి దగ్గరకి వెళ్ళాల్సొచ్చింది. వంపే.

ఆగస్టులో ఫలితం వచ్చింది. నేను క్యాంపులో ఉన్నాను. ఫోన్లో ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

"బి ఇచ్చింది."

"బి నా? ఎ రాలేదా? ఎందుకు రాలేదు?"

"సమయం దాటిపోయిందని మార్కులు కోసింది. శ్రోతలు కూర్చోలేదని రాసింది. అదే బాగుందని కూడా రాసింది."

"మరి ట్రాన్స్‌ఫర్?"

"బి చాలండీ," అంది. కాసేపు ఆగి, "ఏవండీ, ఉన్నారా?" అంది.

ఉన్నాను. ఏదో ఒకటి అనాలి. బి మీద నా దగ్గర కనీసం ఆరు శ్లేషలుంటాయి. ఒక్కటీ సమయానికి రాలేదు. "ఉన్నాను," అన్నాను.

యూనివర్సిటీ మొదటి రోజు నేను సెలవు పెట్టాను. పొద్దున్నే కింద రాజేశం హారను కొట్టాడు. ఇక్బాల్ గేటు తీసి, "బెస్టాఫ్ లక్, మేడమ్ జీ," అని సలాం పెట్టాడు. నాకు పెట్టలేదు. అలవాటుగా ముందు తలుపు తెరిచాను.

"మీరు వెనక కూర్చోండి," అంది శకుంతల. "కొత్త గేటు రాజేశానికి తెలీదు. దారి నేను చెప్పాలి."

తొమ్మిదేళ్ళలో కంపెనీ బండి వెనక సీటు నేనెక్కడం అదే మొదలు. అక్కడ కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయని, ఏసీ గాలి రాదు గానీ చప్పుడు మాత్రం వస్తుందని తెలిసింది. బండి ముంతజా దాటింది. ముందు ఇద్దరూ మాటల్లో పడ్డారు. రాజేశం ఏదో అడిగాడు, సముద్రం ఇసక సంగతి, కాంక్రీటులో ఎందుకు కలపరని. ఆవిడ చెప్తోంది, చేతులు తిప్పుతూ. వాడు మధ్యలో "గట్లనా అక్కా?" అంటున్నాడు. ఆవిడ నవ్వింది. దేనికి నవ్విందో నాకు అందలేదు.

సరిగ్గా అప్పుడే నాకొక శ్లేష తట్టింది. ఇసక మీద. ఆణిముత్యం. రెండర్థాలు వచ్చేది, కాస్త సాగదీస్తే మూడోది కూడా. ఏ సభలో విసిరినా చప్పట్లు ఖాయం. నాలిక చివర పెట్టుకుని, వాళ్ళ మాటల్లో సందు కోసం చూశాను. సిగ్నల్ దగ్గర కూడా దొరకలేదు.

అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

"ఏంటీ? ఉప్పు వల్లనా?" అన్నాను.

వాళ్ళకి వినపడలేదు. రెండు సీట్ల మధ్యలోకి తల దూర్చి, నోరు మూసుకుని, ఇంకాస్త ముందుకి వంగాను.